రూట్ గారి ఉత్తరాలు

గ్రిమ్స్‌బీ రేవు వెనక, చేపల కోల్డ్ స్టోరేజీలో
మెట్ల కింద గదిలో ఒక సర్వరు.
పక్కన నేల తుడిచే కర్ర, పగిలిన బకెట్టు,
ఎవరిదో రబ్బరు బూటు, ఒకటే.

నన్ను పిలిచింది ఉత్తరాల కోసం కాదు.
డిస్కు నిండిపోయింది, తూకం చీటీలు అచ్చవడం లేదని
డెనీస్ ఫోన్ చేసింది.
వచ్చి చూస్తే
నిండింది చేపల లెక్కలతో కాదు.
రెండు లక్షల పద్నాలుగు వేల చిల్లర ఉత్తరాలు,
అన్నీ ఒక్కరి పేరనే: రూట్.
రాసిందీ ఆ యంత్రమే, మోసిందీ అదే,
తన వాకిట్లో తనే పడేసుకుంది.

మా వైపు పెళ్ళి కబురైతే
కార్డు మూలలకు పసుపు ఉండేది.
చావు కబురైతే గుమ్మం బయటే చదివి
చింపేసేవాళ్ళు.
వీటికి ఆ తేడా లేదు.
గడియారం ఒక సెకను వెనకబడిందన్నదానికీ
రెండో డిస్కు చచ్చిపోతోందన్నదానికీ
ఒకటే ముఖం, ఒకటే వినయం.
ఆ డిస్కు సంగతి పదకొండు నెలలుగా
రోజూ రాసింది.
విసుక్కోలేదు. గొంతు పెంచలేదు.

మారుపేర్ల ఫైలు తెరిచాను.
రూట్‌కు వచ్చినవి కోలిన్‌కు ఇవ్వమని ఉంది.
కోలిన్ బ్లాంచర్డ్. మూడేళ్ళ కిందట రిటైరయ్యాడు,
అతని డబ్బా ఎవరూ తియ్యలేదు.
ఆ పేరు కొట్టేసి నా పేరు రాశాను.
వకుళ. చిన్నబడి అక్షరాల్లో.

పరీక్షకి ఒకటి పంపాను: "అందిందా?"
అందలేదు.
మళ్ళీ పంపాను. అందలేదు.
టీ చల్లారింది.
పేరు మారిస్తే చాలదు, మార్చానని
దండోరా వెయ్యాలి. న్యూఎలియాసెస్,
ఆ ఒక్క మాట. అది మరిచి
గంటసేపు కేబుళ్ళను తిట్టాను.
ఈ పనిలో నాకు పన్నెండేళ్ళు.
ఎవరికీ చెప్పకండి.

తర్వాత తెలివి ఎక్కువై
రూట్‌కొచ్చింది నాకు, నాకొచ్చింది రూట్‌కు అని రాశాను.
ఒకే ఉత్తరం మా ఇద్దరి మధ్యా
తిరిగి తిరిగి, ఒళ్ళంతా ముద్రలు పడి,
ఇన్ని గుమ్మాలు ఎక్కలేనంటూ
చతికిలబడింది.

చివరికి నా పేరు ముందు ఒక వాలుగీత.
ఆ గీత ఉంటే
ఒక ప్రతి ఇక్కడే, ఈ చలిలో, డబ్బాలో పడుతుంది.
ఇంకోటి బయల్దేరి లింకన్‌లో నా ఫోనుకు చేరుతుంది.
నెట్టు తెగినా, రేపు నేనే లేకపోయినా
ఇక్కడిది ఇక్కడ ఉంటుంది.

పాతవి చెరిపేముందు కాస్త చదివాను.
ప్రతి శుక్రవారం నాలుగింటికి ఒకటి,
మిగతావాటికంటే పొట్టిది:
"కోలిన్, ఇంక ఇంటికి పో."
తన కోసం తనే క్రాన్‌లో పెట్టుకున్నాడు.
అతను వెళ్ళిపోయాక కూడా
నూట యాభై ఆరు శుక్రవారాలు
ఖాళీ కుర్చీని ఇంటికి పొమ్మంది.

డెనీస్ దగ్గర నంబరు తీసుకున్నాను.
క్లీథోర్ప్స్‌లో ఉన్నాడట. వెనక ఎవరో
కుక్కను కేకలేస్తున్నారు.
"అదింకా బతికే ఉందా?"
మీ ఉత్తరం మీకు పంపించనా అన్నాను.
"నేను ఇంట్లోనే ఉన్నానుగా తల్లీ."
డిస్కు గురించి చెప్పాను.
కాసేపు మాట్లాడలేదు.
"రెండో స్లాటు గొళ్ళెం బిగుతు. గట్టిగా లాగాలి."

లాగాను. గోరు విరిగింది.

శుక్రవారం ఉత్తరంలో పేరు మార్చలేదు.
నాలుగింటికి నా ఫోను మోగుతుంది,
కోలిన్‌ను ఇంటికి పొమ్మంటుంది.
పోతాను.
రాత్రి మూడింటికి ఇంకొకటి:
నాలుగో ఫ్రీజరు, మైనస్ పద్దెనిమిది ఉండాల్సింది
మైనస్ పదిహేను.
లైటు వెయ్యకుండానే లేచి
నైట్ షిఫ్టు వాళ్ళకి ఫోన్ చేస్తాను,
తలుపు సరిగ్గా వేశారా అని.