ఊరికినే

కాశీబుగ్గలో ఆ సందుకి పేరు లేదు.
నా టాబ్‌లో మాత్రం దానికో నంబరుంది.
మధ్యాహ్నం పన్నెండున్నర, తొమ్మిదో ఇల్లు.
అరుగు మీద గేదెల దాలమ్మ
అరచేతిలో కొబ్బరినూనె ఒంపుకుని
ఒక్కో వేలూ వత్తుకుంటోంది,
ఎవరి పసిబిడ్డవో వేళ్ళన్నట్టు.

"గత ఏడు రోజుల్లో, అమ్మా,
ఒక్క గంటైనా పని చేశారా?"

లోపల్నుంచి మామగారి జవాబు:
"మా ఇంట ఆడోలు పనికెల్లరు. రాసుకో."
ఆవిడ తలెత్తలేదు.
"ఊరికినే ఉన్నాను తల్లీ" అంది.

ఊరికినే.
ఈ మాటకి నా దగ్గర కోడుంది, తొంభై రెండు.
నొక్కితే చాలు, తర్వాతి ప్రశ్న వచ్చేస్తుంది.
విడగొట్టి చదివితే: ఊరికి, నే.
ఎండ దెబ్బేమో, ఇలాంటివే తోస్తాయి.

అరుగు చివర గోనెపట్టా కింద
ఇనప మర, నల్లబడ్డ పీట,
గోడ మీద మోచెయ్యి ఆనేచోట జిడ్డు చార.
"మరి ఇదేటమ్మా?"
నాకూ యాస వచ్చేసింది.

"అదా? పిక్కలు కొట్టే మిసను.
సంచి దింపితే కొడతాం.
పన్నెండు రోజులైనాది సంచి రాక.
ఓడ రాలేదంటాడు యాపారి.
ఏ ఓడో, ఏ సముద్రమో."

సంచి ఎవరి పేరున వస్తుంది?
"మా ఆయన పేరునే."
ఆయన ఆటో తోలుతాడు.
వ్యాపారి పుస్తకంలో మాత్రం
పొద్దున్నించి రాత్రిదాకా టెక్కలి రోడ్డు మీదుండే మనిషి
రోజుకి పది కిలోల పిక్కలు కొడుతున్నాడు.

"ఈ వారం పనికోసం వెతికారా?"
"ఎక్కడెతకను? సముద్రంలోనా?"

"దొరికితే చెయ్యడానికి సిద్ధమేనా?"
దీనికి మాత్రం వేళ్ళు ఆగాయి.
"గుంటని బడికంపేసి, ముసలాయనకి బువ్వెట్టి,
కొళాయి వచ్చి పోయాక,
పదకొండుకీ మూడుకీ మజ్జిన అయితే సిద్ధమే.
కేకేస్తే ఇనబడే దూరం అయితే సిద్ధమే.
అవన్నీ రాసుకుంటావేటి?"

రెండు గడులున్నాయి, అవును, కాదు.
'అయితే'కి గడి లేదు.

"నిన్న డిపోకాడ నా ఏలు పడింది, తెల్సా?"
ఉన్నట్టుండి అంది, ఇంటిగుట్టు చెప్పినట్టు.
"రెండేళ్ళయినాది పడక.
జీడిసొన తినేసింది గీతలన్నీ.
నెలనెలా మామని నడిపించుకెల్లాలి.
నిన్న ఒక్కసారికే పచ్చలైటు.
మా గుంట తప్పట్లు కొట్టేసింది."

బొటనవేలు చాపి చూపించింది.
బారువ ఒడ్డున
అల వెనక్కి పోయాక ఇసకలో మిగిలినట్టు
సన్నగా, కొత్తగా, గీతలు.

పనున్నన్నాళ్ళూ ఆ చెయ్యి
ఎవరిదో మిషన్‌కి తెలీదు.
పని ఆగిన పదకొండో నాడు
గేదెల దాలమ్మేనని ఒప్పుకుంది.
నేనొచ్చింది ఆ మర్నాడు.
నా ఏడు రోజులూ ఆ పన్నెండు రోజుల్లో పడి
నిశ్శబ్దంగా మునిగిపోయాయి.

తొంభై రెండు చెరిపి ఎనభై రెండు కొట్టాను.
పని వెతకలేదు గానీ, ఉంటే చేస్తుంది.
ఒక్క అంకె తేడా.
సాయంత్రం బస్టాండులో సూపర్‌వైజర్ ఫోను:
"ఆటో అతని భార్య నిరుద్యోగి ఏమిటమ్మా?
మళ్ళీ చూసుకో."
చూసుకున్నాను. అలాగే ఉంచాను.
ఇంటికింత అని ఇచ్చే నా డబ్బుల్లో
ఆ ఇల్లు ఇంకా పెండింగే.

మూడు నెలలకి అదే గడప మళ్ళీ తొక్కాలి, రూలు.
సందు మలుపులోనే మర చప్పుడు వినబడింది.
చీర కొంగు ముక్కుకి చుట్టుకుని దాలమ్మ,
చుట్టూ చితికిన డొక్కల నల్లటి కుప్ప.
ఓడ వచ్చినట్టుంది.
ఈసారి సులువు, ప్రశ్నలు తక్కువ పడతాయి
అనుకుంటూ టాబ్ తెరిచాను.

మామగారు నా పక్కనుంచే మెట్లు దిగాడు,
చంకలో రేషను సంచి,
తన బొటనవేలిని పంచెకి
గట్టిగా తుడుచుకుంటూ.