నల్ల గింజలు

ఆవాల కన్నా చిన్నవి, గసగసాల కన్నా పెద్దవి.
పిల్లవాడి కడుపులోని ముద్దని జల్లెడ మీద కడిగితే
పదకొండు మిగిలాయి.
రెండుసార్లు లెక్కపెట్టాను.
రేపు బోనులో నిలబెట్టి మొదట అడిగేది అదే.

సీసా మీద చీటీ: లుంగిసా, నాలుగేళ్ళు, ఖాయెలిత్షా.
తేదీ, పోయిన ఏడు జులై.
కేప్‌టౌన్‌లో వానలు కురిసి, ఆగి, మళ్ళీ కురిశాక గాని
వరసలో అతని వంతు రాలేదు.
చలిగదిలో సీసాలు ఓపిగ్గా ఉంటాయి.
మనుషులే ఉండరు.

డాక్టరు రాసింది చదివాను:
కంటిపాపలు సూదిమొనలంత.
ఊపిరితిత్తుల్లో నీరు.
పెదవి మూల ఎండిన నురగ.

సార్జెంట్ మ్ఖబెలా అప్పట్లో పంపిన సంచులు, లక్క చెదరలేదు.
గూలేద్ కొట్లో కొన్న బిస్కెట్లు, సగం తిన్నవి.
అదే కొట్టు పాల పాకెట్టు.
మంచం కింద దొరికిన రొట్టె అంచు.
స్టేషను మెట్ల దగ్గర గొడుగు కింద ముసలాయన అమ్మే కాగితం పొట్లం.
దాని మీద కంపెనీ పేరు లేదు, పుర్రె బొమ్మా లేదు.
"ఎలుక రెండడుగులేస్తుంది, మూడోది వెయ్యదు"
అని కేకేస్తాడట,
పది రాండ్‌కి ఒకటి.

యంత్రం గీసే గీత చాలాసేపు నేల మీద పాకి
ఒక్కచోట నిట్టనిలువుగా లేచింది.
పొట్లంలో అదే చోట. రొట్టెలో అదే చోట.
లుంగిసా రక్తంలో అదే చోట, కాస్త పొట్టిగా.
బిస్కెట్లలో లేదు.
పాలలో లేదు.

లేదు అన్న మాట ఎంత ఖాయంగా రాశానో!
ఎవరికి పంపాలి దాన్ని?
గూలేద్ కొట్టు అంత్యక్రియల సాయంత్రమే తగలబడింది,
కాలని రేకులు ఎవరో పట్టుకుపోయారు.
సోమాలియా వాడు, విషం పెట్టాడు, అన్నారు.
ఆ రెండు ముక్కలూ ఒకదాని పక్కన ఒకటి
ఎంత సులువుగా ఇమిడిపోయాయో.
అతను ఇప్పుడే ఊళ్ళో ఉన్నాడో సార్జెంటుకీ తెలీదు.

ఫైలు కట్టేస్తుంటే మూడో పేజీ కంటబడింది.
తల్లి నొలుబబాలో వాంగ్మూలం, ఆ రాత్రిదే:
"ఎలుకలు చంటిదాని చెవి కొరికాయి.
రొట్టెలో మందు పెట్టి మంచం కిందికి తోశాను.
పైన పళ్ళెం బోర్లించాను.
వాడికి ఆకలేసింది."
కింద గుండ్రటి చేతిరాతతో సంతకం.

ఆ రాత్రే చెప్పింది.
పేజీ తిప్పినవాళ్ళు లేరు.

చివరి సంచీలో, చొక్కా జేబులోది,
రైలు టికెట్టు మడిచి చేసిన పడవ.
పరీక్షకి విప్పాలి. విప్పాను.
మందు లేదు.
నాకు పడవ చెయ్యడం రాదు.
మళ్ళీ మూసేటప్పుడు
మడతలే దారి చెప్పాయి.