ఒంటె కూర్చున్నట్టు

ఉలాన్‌బాతర్‌లో మైనస్ ముప్పై ఒకటి.
పొద్దున్నే తలుపు తీసేసరికి
నా బండి మళ్లీ మోకాళ్ల మీద ఉంది.
ఒళ్లంతా చక్రాల మీదికి జారవిడిచి
మూటల కోసం కూర్చున్న ఒంటెలా.

"ఒంటె కూర్చుంటే ఒక పని ఉంటుంది,
ఇదెందుకు కూర్చుందే?" అంది మా అత్త
ఉప్పుటీ ఊదుకుంటూ.
గుర్రాలు మచ్చిక చేసే చిన్నమామ దశ్‌జెవెగ్
రాళ్లగుట్టకి మొక్కేవాడిలా మూడుసార్లు చుట్టూ తిరిగి
"ఎన్ని గుర్రాల బలమన్నావు?"
"మూడు వందల నలభై."
"ఒక్కటీ లేవలేదా?"

పదకొండేళ్లు సరిహద్దుకి బొగ్గు లారీలు తిప్పాను.
అందులో రెండేళ్లు స్టీరింగ్ నా చేతిలోనే.
రష్యా జీపు గోబీ నడిమధ్య ఆగితే
ఒక తీగముక్క, ఒక పానా, నాలుగు బూతులు,
అంతే, కదిలేది.
దీనికి నూనె చూసుకునే పుల్ల కూడా లేదు.
అడిగితే తెర మీద ఎంతో మర్యాదగా
దయచేసి మీ డీలర్‌ని సంప్రదించండి.

డీలర్ ఇల్లంతా అద్దం.
లోపల నేలకి కూడా జ్వరమొచ్చినంత వెచ్చదనం.
కాఫీ ఉచితం.
మిగతా ప్రతిదానికీ ఒక పేరుంది,
పేరుకో ధర ఉంది.
కొన్ననాడు నా చేతుల మీద నీలి పట్టుకండువా పరిచి
మేనేజరు రెండు చేతులా తాళం అందించాడు.
ఇప్పుడు ఒంటిచేత్తో టోకెను చింపి ఇస్తాడు,
నా వైపు చూడకుండా.

సర్వీసు కుర్రాడి పేరు డొల్గోన్.
శాంతం అని అర్థం.
మొదటిసారి వెళ్లినప్పుడు వాడి భార్యకి ఏడో నెల.
రెండోసారికి కంప్రెసర్ జర్మనీలో బయల్దేరింది.
మూడోసారికి అది తియాన్‌జిన్ రేవులో ఉంది,
పాప మాత్రం పుట్టేసింది.
తరవాత కంప్రెసర్ వచ్చింది, వేరే మోడల్‌ది.
తరవాత తప్పు కంప్రెసర్‌ది కాదు, వాల్వుది.
వాల్వుది కూడా కాదట, సెన్సారుది.
కాలికేస్తే మెడకి, మెడకేస్తే కాలికి.
ఆరోసారికి ఫోనులో ఫొటో చూపించాడు,
పాపకి కింద రెండు పళ్లు.

ఏనుగుని కొన్నాక అంకుశానికి ఏడవకూడదంటారు.
సరే, ఏడవను.
ముందు ఏనుగు లేవాలి కదా!

అమ్మెయ్యమంటారు అందరూ.
లారీ క్యాబిన్‌లోంచి
బ్యాంకు మేనేజర్ల బట్టతలలు చూస్తూ బతికినదాన్ని,
కిందనుంచి లోకాన్ని చూడటం నాకు చేతకాదు.
కొన్నది అందుకే. తోలు సీట్ల కోసం కాదు.
అది కుంగినప్పుడల్లా
వీధి మొత్తం నాకంటే ఒక జానెడు పెరుగుతుంది.

ఏడోసారి.
బిల్లు కట్టి బయటికొచ్చాను.
వెనకాల అద్దం తలుపు తెరుచుకుంది,
కోటు కూడా లేకుండా డొల్గోన్,
మాటకంటే ముందు ఆవిరి వస్తోంది నోట్లోంచి.
నా చేతితొడుగులో ఏదో పెట్టి గుప్పిట మూశాడు.
చింతగింజంత ఫ్యూజు.
"రాత్రి ఆపాక దీన్ని పీకి జేబులో వేసుకోండి.
పొద్దున పెట్టండి.
చలి సంగతి దానికి తెలియకపోతే కూర్చోదు."
ఇది పుస్తకంలో ఉందా అన్నాను.
"నేను చెప్పలేదు. మీరు వినలేదు."
అద్దం వెనక్కి పరుగెత్తాడు.

మూడోనాడు ఫోను.
మనిషో, రికార్డో, తీయని ఆడగొంతు.
మా సిబ్బంది కంపెనీ నియమాలు పాటించారా,
ఒకటి నుంచి పదిలోపు ఒక అంకె చెప్పండి.

కిటికీ అద్దం మీద మంచు గీకి చూశాను.
పెరట్లో నాలుగు చక్రాల మీదా నిటారుగా ఉంది.
చిన్నమామ దాని పక్కన నిలబడి
అద్దం కింద, మెడ ఉండాల్సిన చోట,
నెమ్మదిగా తడుతున్నాడు.

జేబులో ఫ్యూజు వెచ్చగా తగిలింది.
"పది," అన్నాను,
"అక్షరం పొల్లుపోకుండా పాటించారు."