రెండొందల ఏడులో పుస్తకం లేదు

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా
తిరుపతి స్టేషన్ ఎదురు సందులో
ఒక లాడ్జి కౌంటర్ వెనక నా ఉద్యోగం.
తాళాలిస్తాను, ఆధార్ కార్డులు చూస్తాను,
వేడినీళ్ళు ఐదింటికే వస్తాయని
రాత్రికి నలభై సార్లు చెబుతాను.

మిగిలిన టైములో రచయితని.

మిగిలిన టైమంటే
ఒక రైలుకీ ఇంకో రైలుకీ మధ్య కాసేపు.
జనం దిగి, ఆటోలు అరిచి, మెట్లు మోగి,
పై అంతస్తులో ఆఖరి బకెట్టు చప్పుడు కూడా ఆగాక
రిజిస్టర్ కింద నుంచి నోటుబుక్కు లాగుతాను.
నియమం ఒక్కటే:
తర్వాతి బండి వచ్చేలోగా ఒక పేజీ.
బాగుందా లేదా అని చూడను.
పెన్ను మొండికేస్తే రిజిస్టర్ చూసి ఎక్కిస్తాను,
చివర దిగిన మనిషి పేరు, ఊరు,
వచ్చిన వేళ, పోవాల్సిన వేళ.
'వచ్చిన పని' గడిలో మాత్రం
అందరికీ అడక్కుండా నేనే వేస్తాను: దర్శనం.
నోటుబుక్కులో ఆ గడి ఖాళీగా వదుల్తాను.
కథ అక్కడ మొదలవుతుంది.

గొప్పగా చెప్తున్నాను గానీ
పోయిన ఫిబ్రవరి మొత్తం ఒక్క అక్షరం లేదు.
బండ్లు వేళకే వచ్చాయి.
నేనే రాలేదు.

పుస్తకం నేనే వేయించుకున్నాను,
చీటీ నష్టానికి పాడి, మూడొందల కాపీలు.
బైండర్ గౌస్ గోనెసంచుల్లో తెచ్చి దించి
"ఏమప్పా, యాడ పెడతావు ఇన్ని?" అన్నాడు.
మంచం కింద పెట్టాను.
ఏడు నెలలు మా ఆవిడ చీపురు
వాటి దాకా పోయి వెనక్కి మళ్ళింది.
షాపులో ఇస్తే "పెట్టి పోండి" అన్నారు.
పెట్టి పోయాను.
మళ్ళీ పోయి చూస్తే పెట్టినట్టే ఉన్నాయి.

ఒక రాత్రి, ఓనరుకు చెప్పకుండా,
ఇరవై రెండు గదుల్లో ఇరవై రెండు,
సొరుగులో, సబ్బు పక్కన.
లోపలి అట్ట మీద రాశాను:
చదవండి. పెన్సిలు కూడా ఉంది.

గదులు ఊడ్చి చెంగల్రాయుడు వార్తలు తెచ్చేవాడు:
"నూటనాలుగులో ముట్నే లేదు సార్.
నూటతొమ్మిదిలో దాంతో దోమల్ని కొట్నారు.
మూడొందలొకటిలో నలభైమూడో పేజీకి నెయ్యంటుకోనుండాది."
నెయ్యి!
అంటే నలభైమూడు దాకా వచ్చారు.
లడ్డూ తింటూ కూడా కింద పెట్టలేదు.
ఆ మరకను లైటుకి ఎత్తి పట్టుకుని
ఎంతసేపు చూశానో నాకే తెలీదు.

తర్వాత పెన్సిలు గీతలు.
పాలకొండ ఆమె: "మా అత్త కూడా ఇలాగే దగ్గేది."
బోధన్ కుర్రాడు అచ్చుతప్పులన్నీ దిద్ది
చివర మార్కుల్లా వేశాడు: మొత్తం ముప్పై ఒకటి.
నూట పన్నెండులో,
అరవై ఒకటో పేజీ పక్కన,
పెన్సిలు ముక్కు విరిగేంత ఒత్తి:
"అబద్ధం. కొడుకు పోయిన తండ్రి
ఇంత బాగా మాట్లాడడు."

మూడు రాత్రులు చెక్కిన మాటలవి.
కోపమొచ్చింది. రిజిస్టర్ తీశాను.
పేరు ఉరుకుందప్ప. ఊరు ఆదోని.
మనుషులు ఒక్కరు. వచ్చిన వేళ రెండూ పది.
వచ్చిన పని దర్శనం,
నా చేతిరాతే.

ఆ రాత్రి రెండు బండ్ల మధ్య
అరవై ఒకటో పేజీ మళ్ళీ రాశాను.
ఈసారి తండ్రి కొడుకు గురించి ఏమీ అనడు.
కౌంటర్ దగ్గరికొచ్చి
వేడినీళ్ళు ఎన్నింటికని అడుగుతాడు.
చెప్పింది విని, మళ్ళీ అదే అడుగుతాడు.

ఈ పొద్దు చెంగల్రాయుడు మెట్లమీదే అరిచాడు:
"సార్, రెండొందల ఏడులో పుస్తకం లేదు!
తువ్వాళ్ళుండాయి, దుప్పటుండాది,
పుస్తకమే ఎత్తకపోయినారు!"
వాడి ముఖంలో భయం, నా ముఖంలో ఏముందో,
వాడూ నవ్వేశాడు.

పోయిన సామాన్ల పుస్తకంలో రాశాను:
గది 207, పుస్తకం, ఒకటి.
వసూలు గడి దగ్గర కాసేపు ఆగి
'అయింది' అని వేశాను.

మూడూ ఇరవై బండి గంట లేటని
మైకులో చెప్తున్నారు.
గంట!