ఆది లేని కొలత

ఇల్లు కొనేటోడు ముందుగాల పైకి చూడడంట,
కిందికే చూస్తడంట.
బ్రోకరు ఖాజా మియా చెప్పులు ఇడవకుండనే
మెట్టుగడ్డల మా ముందటర్రల నిలవడి
మడిమెతోని బండను రెండుసార్లు తట్టి
"షాబాదు బండలా? ఇంక గివేనా అమ్మా" అన్నడు.
"నలభై వేలు కింద పరిస్తే
రెండు లక్షలు పైకొస్తయి."

ఆశన్న తల ఎత్తలే.
దోస్తు లారీకి జమానతు సంతకం వెట్టిన కాడికెల్లి
ఆయన గూడ కిందికే చూస్తున్నడు.

రాయచూరు రోడ్డు మీద టైల్సు దుకాణం.
పెండ్లి చీరెలు మడత ఇప్పి ఏసినట్లు
గోడకు ఒరగవెట్టిన్రు పలకలు.
గంధం రంగుది, మజ్జిగ రంగుది,
కట్టె కాకున్నా కట్టె లెక్క గీరలున్నది,
వంగితే మొహం కనవడేది.
దుకాణపాయన ఒకదాని మీద చాయ్ ఒలకవోసి తుడిచి
"చూడక్కా, మరక నిలవదు" అన్నడు.
మరక నిలవకపోతే
ఎవరు బతికిన్రో ఎట్ల తెలుస్తదని అడగబోయిన.
అడగలే.
ధర అడిగిన.

ఇరవై రెండేండ్లాయె జాకెట్లు కుట్టవట్టి.
నీ చాయకు ఆకువచ్చ నప్పదు బిడ్డా,
పెద్ద పూలొద్దు, పొట్టిగ కనవడ్తవు,
ఎంతమందికి ఎన్ని చెప్పిన!
ఆది జాకెట్టు లేకుండ కత్తెర ముట్టలే ఎన్నడు.
ఇయ్యాల
ఎవరి కాళ్లకో తెల్వదు,
పొద్దుగాల పట్టీలు మోగుతయో, కర్ర టక్కుమంటదో,
నేల మీద కూసోని తింటరో, కుర్చీలల్లనో,
ఏ కొలతా లేకుండ
ఒక ఇంటికి బట్ట కొంటున్న.

"ఎవరికైనా నప్పేది ఇయ్యి."
మజ్జిగ రంగుది ముందుకు జరిపిండు.
ఎవరికైనా నప్పేదంటే
ఎవరికీ కుట్టనిదని
నాకు దెల్వదా.

మేస్త్రీ కురుమయ్యది కోయిల్‌కొండ దిక్కు.
పూనాల పదేండ్లు, బొంబాయిల ఆరేండ్లు
ఎత్తు బంగ్లాలకు నేలలు పరిచొచ్చిండు.
"నీ ఇంట్ల ఏమేసినవు కురుమయ్యా?"
"మిగిలిన ముక్కలమ్మా. పదకొండు రంగులు."
నా లంగ అంచు చూపిచ్చి నవ్విన,
అదీ అంతే.

"బండలు పలగ్గొట్టుడెందుకు,
మసాలా పెట్టి పైకెల్లి అతికిస్త.
తలుపులు మాత్రం అర్ధ ఇంచు కొయ్యాలె."

అంటే అస్తరు!
షాబాదు బండ అస్తరు, మజ్జిగ రంగు పైబట్ట.
జరంత పానం నిమ్మళమాయె.
చూసేటోళ్లు పైబట్టనే చూస్తరు గని
మెయికి తాకేది అస్తరే.

మిషిను జరిపిన్రు.
ఇనుప కాళ్లు కూసోని కూసోని
నాలుగు గుంటలు చేసుకున్నయి.
బండల సందుల్ల విరిగిన సూదులు, హుక్కులు,
ఒక ఎర్ర గుండీ.
ఎవరిదో యాదికి రాలే.
కురుమయ్య ఏమీ అనకుండ
గుంటలల్ల తాపీతోని మసాలా నింపిండు.
"ఈడ జర ఎక్కువ తాగింది" అన్నడు.
రంపం కింద తలుపులు మొత్తుకున్నయి.
పొట్టు నేనే ఊడ్చిన.

గిరాకి దొరికేదాక దసరా జాకెట్లు ఆగయి గదా.
మిషిను మళ్ల దాని జాగల వెట్టి తొక్కితే
అది నన్నిడిసి ముందుకు నడిచింది.
బెత్తెడు కుట్టుకొకసారి గుంజుకుంట,
మళ్ల తొక్కుకుంట,
మాపటిజాముకు ఇద్దరం గోడదాక పోయినం.
కాళ్ల కింద పేలికలు మడతేసి పెడితె
అప్పుడాగింది.

ఐతారం నాడు చూడనీకి వచ్చిన్రు.
ఆమె నారాయణపేటల పంతులమ్మ.
ఖాజా మియా ఈసారి చెప్పులు ఇడిసిండు.
ఆమె పెనిమిటి పైకప్పు చూసి, ఫ్యాను చూసి,
నల్లా తిప్పి నీళ్లు చూసిండు.
ఆమె ఒక్కతే కిందికి చూసింది.
బొటనవేలుతోని పలక అంచు రాసి,
మిషిను కింద పేలికల కాడ ఆగి,
వంగి, వేలి గణుపుతోని కొట్టింది.
ఒకకాడ గట్టిగ,
ఒకకాడ ఇంకో తీరుగ మోగింది.

"కింద ఏమున్నది?"

ఖాజా మియా దగ్గిండు.
"అస్తరు" అన్న నేను.

ఆమె నా దిక్కు చూసి లేసి నిలవడ్డది.
జాకెట్టు ఎడమ భుజం కాడ
ఎవరో బిగువ కుట్టిన్రు.
చూడొద్దనుకుంటనే చూసిన.