పాలిష్ వద్దన్న సొరుగులు

దేవదారంటే నాకు తెలిసింది
టీపొడి పెట్టెల చెక్క.
మేకు దిగేలోపల చీలిపొయ్యేది,
కోళ్లగూటికి తప్ప కొరగానిది.

పశువుల డాక్టరు గజేంద్ర నాయుడు
మద్రాసు లారీలో వేయించుకొచ్చి
మిట్టూరులో నా కొట్టు ముందర దించిన పలకలు
ఆ జాతి కాదు.
ఎర్రగా వుండేది చూసి
టీకొట్టు బేబమ్మ గొంతు తగ్గించింది:
"ఆచారీ, ఇది చందనం కాదు గదా?"
మా పక్క ఎర్రచెక్కకి
ముందు కేసు వాసనొస్తుంది,
ఆమీదట చెక్క వాసన.

తాడు కోసినా.
మూడో తరగతి గది నా మొహాన కొట్టింది.
బ్లేడుతో చెక్కిన పెన్సిలు,
నిక్కరు మీద రాలిన పొట్టు.

"చుట్టలు దాచే బీరువా, ఏకాంబరం.
దానికి ఆరు సొరుగులు.
మేకు వద్దు, బంక వద్దు,
లోపల పాలిష్ అసలే వద్దు.
ఆ వాసన చుట్టకి పడతాది."

ముప్పై ఎనిమిదేళ్ల పనిలో
పాలిష్ వద్దన్న మనిషి ఈయనొక్కడే.
ఇంకోటి చెప్పినాడు, నా చెవుల్ని నేను నమ్మలా:
అడుగు సొరుగులో గిన్నె పెట్టి
నీళ్లు పోస్తాడంట!
చుట్ట ఎండకూడదంట, బూజు పట్టకూడదంట,
చెమ్మ ఎంతుందో చెప్పేదానికి
గోడగడియారం పిల్లలాంటి ముల్లొకటి.

బతుకంతా నీళ్లని చెక్క దగ్గిర్నించి
తరిమి తరిమి కొట్టినోణ్ణి నేను.
ఏప్రిల్‌లో ఈ చిత్తూరు గాలికి
టేకు తలుపే నడిరాత్రి చిటుక్కుమంటుంది.
మా వీధి బోరు వెయ్యి అడుగుల కాడ
ఉత్త గాలి కక్కతా వుంది.
ట్యాంకరు దినం మార్చి దినం.
ఇట్లాంటి ఊర్లో
ఇరవై చుట్టలకి మాత్రం
బీరువా లోపల మబ్బు.

నవ్వుకుంటానే కొలతలు తీసినా.

మెత్తటి చెక్క. ఉలికి ఎదురు చెప్పదు,
అదే దాంతో చిక్కు.
రవ్వంత జాస్తి నొక్కితే
గువ్వతోక అతుకులో తోక తెగుతుంది.
మొదటి సొరుగు నా అలవాటు కొద్దీ
బిర్రుగా కూర్చినా, వెంట్రుక దూరకుండా.
గిన్నెలో నీళ్లు పోసిన మూడో దినానికి
ఉబ్బి కరుచుకుంది.
డాక్టరు లాగితే పిడి చేతికొచ్చింది,
సొరుగు రాలా.
బర్రె కడుపులోంచి అడ్డం తిరిగిన దూడని లాగినోడు,
నా సొరుగు ముందర ఓడిపొయినాడు.

మళ్లీ విప్పినా.
ఈ తూరి పక్కన రేషన్ కార్డు మందం వదిలినా,
అడుగున రీపర్లు, రీపరుకీ రీపరుకీ నడాన గాలి సందు.
చెక్కకి కూడా
ఊపిరి పీల్చుకునే చోటు లెక్కలో వెయ్యాలని
ఈ వయసులో నేర్చుకుంటిని.

ఖాజా పొట్టు ఊడ్చి పారెయ్యలా,
సంచికి ఎత్తుకున్నాడు.
బట్టల నడాన పెడితే పురుగు రాదని
వాళ్లమ్మ చెప్పి పంపిందంట.

బీరువా అమర్చిన ఆదివారం
డాక్టరు మూడో సొరుగు లాగి
"వాసన చూడు" అన్నాడు.

మా నాయన మునస్వామాచారికి
కుడి చెవి మీద పెన్సిలు, ఎడం చెవి మీద చుట్ట.
పని ధ్యాసలో తారుమారయ్యేవి.
చుట్టతో చెక్క మీద గీత గీసేవాడు,
పెన్సిలు నోట్లో పెట్టి అగ్గిపుల్ల గీసేవాడు.
మేము పడీపడీ నవ్వితే
అంటుకున్న పెన్సిల్ని ఇంకో దమ్ము లాగి
"ఇదే బాగుందిరా" అనేవాడు.

ఆయన రెండు చెవులూ
ఒక్క సొరుగులో వుండాయి.

"నేను తాగను సార్" అన్నా వినకుండా
డాక్టరు ఒకటి చేతిలో పెట్టినాడు.
కూలీ లెక్క చూసుకొని
చుట్టని ఎడం చెవి మీద దోపుకున్నా.
కుడి చెవి మీద పెన్సిలు ఎట్లా వుండేదే.

ఆయనింటి గడప పొట్టిది,
వంగి రావాల.
నేను మోకాళ్లు వంచినా గానీ
తల వంచలా.