మొదటేడు ఫీజు లేదు

రైల్వే స్టేషను ఎదురుసందులో
నారాయణశెట్టి సామాన్ల గది.
పద్నాలుగేండ్లుగా ఆడనే ఉండా.
గంటకింత, రోజుకింత,
టోకెను పోగొడితే యాభై జుల్మానా.

పెట్టెల పిడులకు అతుక్కున్న చీటీలు చదివి
ఊర్లు నేర్చుకున్నా.
సూరత్, గువాహటి, కౌలాలంపూర్.
ఒకసారి ఒక పెట్టె చక్రాల్లోంచి ఇసక రాలింది,
పసుప్పచ్చగా, పిండిమాదిరి మెత్తగా,
మన స్వర్ణముఖిది కాదు.
చీటీ చిరిగి చివర 'మేర్' అని మాత్రం మిగిలుండాది.
జైసల్మేరో, బార్మేరో, అజ్మేరో.
ఊడ్చి పారెయ్యబుద్ధి కాలేదు.
మాత్రల డబ్బాలో పోసి పెట్టుకున్నా.

లోకమంతా ఒకసారన్నా మా తిరుపతికొచ్చి పోతాది.
మాకే యాడికీ పొయ్యే పని పడలా.
అందరూ వచ్చే ఊర్లోనే పుట్టినాక
ఇంగ ప్రయాణమెందుకే అనేది మా అమ్మ.
ఆమె పొయ్యిన పెద్ద దూరం పుత్తూరు,
అదీ చెయ్యి విరిగి, కట్టు కట్టించుకోను.

ఇప్పుడు నా ముందర మూడు కాగితాలు.
లీలామహల్ కాడ గొడుగు కింద కూర్చునే
బ్యాంకు పాప భవ్యశ్రీ ఇచ్చింది.

నీలం కార్డుకు
విమానాల కాడ మెత్తటి కుర్చీలంట,
ఏడాదికి నాలుగు తూర్లు ఉత్తపుణ్యానికి కాఫీ, ఉప్మా.
"విమానం ఎక్కకుండా పొయ్యి ఉప్మా తినొచ్చునా మే?" అన్నా.
పాప నవ్వాపుకోని కాగితం తిప్పింది.

నల్ల కార్డుకు మైళ్లు.
నూర్రూపాయలు గీకితే రెండు మైళ్లు.
నేను గబగబా లెక్కేసినా,
ఈ లెక్కన చంద్రగిరికి పోను నాలుగొందలు చాలునే అని.
ఆ మైళ్లు వేరే అక్కా, అనింది.
దూరాన్ని కొలవని మైళ్లు
ఉంటాయని నాకు తెలీదు.

ఆకుపచ్చ కార్డుకు సోకేమీ లేదు.
రైలు టికెట్టుకు నాలుగు పాయింట్లు ఎక్కువ.
మొదటేడు ఫీజు లేదు.

రాత్రి గ్యాసు పుస్తకం వెనక రాసుకున్నా.
పాలు, కరెంటు, చిన్నోడి కాలేజీ బస్సు,
అంతా కలిపి నెలకు పదకొండు వేలు.
నల్ల కార్డు విమానానికి పన్నెండు వేల మైళ్లు కావాల.
నాలుగున్నరేండ్లు.
అంతలోకి అయిదు ఫీజులు, పదైదు వేలు.
ఆ దుడ్డు పెట్టి టికెట్టే కొనుక్కోవచ్చు గదా
అని గోడమీది బల్లి కూడా చెప్పగలదు.

"అప్పు చేసి పప్పుకూడా?" అన్నాడు
పగటి డ్యూటీ దొరైరాజు.
ఇంట్లో పప్పుకేం తక్కువ లేదప్పా.
మూటలెత్తి ఎత్తి
నా భుజానికే ఒక ఊరు చూడాలనుంది.

పొద్దున పొయ్యి ఆకుపచ్చది చూపించినా.
పాప అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.
"కొంచెం కట్టు చాలు అని మెసేజు వస్తాది అక్కా,
నమ్మొద్దు.
తేదీ లోపల అణా పైసలతో కట్టెయ్."
దానికి ఎంత కమీషను పోయిందో నాకు తెలీదు.

చివరి గడిలో
అమ్మ పుట్టింటి పేరు రాయమన్నారు.
అదే తాళమంట,
ఎవురికీ చెప్పకూడదంట.
అరవైమూడేండ్లు బతికింది మా అమ్మ.
రేషను కార్డులో, ఆసుపత్రి చీటీలో,
ఆఖరికి చావు కాగితంలో కూడా
ఆ పేరు ఒక్కడూ అడగలేదు.
పెన్ను కాసేపు అట్టే పట్టుకున్నా.
రాసినా.
ఈడ చెప్పను.

కార్డు రెండు వారాల్లో వస్తాదంట.
ఇసక డబ్బా బీరువా మీదనే ఉండాది,
మూడు 'మేర్'లలో ఏదో
పొయ్యి చూస్తేగాని తెలీదు.

పెట్టె మాత్రం ఇంకా కొనలా.
దాంట్లో తొందర లేదు.
ఏ కంపెనీ చక్రం ఎన్నాళ్లకు ఊడతాదో
ఈ ఊర్లో
నాకంటే తెలిసినోళ్లు లేరు.